ఫిరంగి ముడి

తోకచుక్క ఇంకా రాలేదు అప్పటికి.
జూనియర్ ఎఫ్.ఏ.లో మేం ముప్పై ఒక్కళ్ళం.
సీనియర్లు ఇరవై నలుగురే, కాని
మెట్రిక్యులేషన్ రెండేసి సార్లు తప్పి
గడ్డాలు దిట్టంగా పెంచిన ఘనులు.

కాలేజీ కొండెక్కడానికి ఒకటే బాట.
సీనియర్ ఎదురైతే జూనియర్ గొడుగు మడవాలి,
ఎండ మాడుతున్నా, ఆషాఢం కురుస్తున్నా.
ఎవడు రాశాడో ఆ చట్టం,
పీనల్ కోడుకన్నా గట్టిగా నడిచేది.
మొదటి టరమంతా నాకు
తడిసిన లాజిక్ పుస్తకం వాసనే గుర్తు.

దసరా సెలవలకి ముందు పందెం కుదిరింది.
సముద్రం ఒడ్డున తాడు లాగుడు.
మేం గెలిస్తే గొడుగు చట్టం రద్దు.
ఓడితే గొడుగుతో పాటు చెప్పులు కూడా.

తాడు జాలరిపేట నుంచి తెచ్చాం.
మైలపల్లి ఎల్లయ్యది, పెద్దవల తాడు,
ఒక సాయంత్రానికి నాలుగణాలు.
"పొద్దు గుంకీసరికి ఇచ్చీయండి బావూ,
తెల్లారగట్ట వలెయ్యాల" అన్నాడు.
అలాగే అన్నాం. అలాగే అనడం మాకు బాగా వచ్చు.

అటు ముందు నిలబడ్డవాడు ఇవటూరి పేర్రాజు,
పంచె గోచీ బిగించి, జంధ్యం చెవికి చుట్టి.
ఇటు మా డేవిడ్ రత్నం, వెనక మదీనా, గంటి కామేశం,
అందరికన్నా చివర నేను,
సన్నగా ఉంటానని, ఎందుకైనా మంచిదని.

ఎందుకు మంచిదో నాకు మాత్రమే తెలుసు.
నా కాళ్ళ కింద ఇసకలో
ఏ కాలందో ఒక ఫిరంగి, మూతి దాకా కూరుకుపోయి ఉంది.
ముందు రోజు రాత్రి చేతుల్తో తవ్వి చూసుకున్నాను.
ఈల వేసే లోపల
తాడు కొస దానికి చుట్టి ముడేసి
పైన ఇసక కప్పి, దానిమీద నిలబడ్డాను.

లాగారు.
పేర్రాజు మెడ నరాలు కొబ్బరి పీచులా లేచాయి.
కొండ మీంచి లెక్కల మేష్టారు కేకలేస్తున్నారు, ఎవరి పక్షమో తెలీకుండా.
మావాళ్ళు అరిచారు, "చూడండ్రా, కదలట్లేదు!
మన బలం మనకే తెలీదురా!"
ఆ మాటకి నాకు నవ్వు రావాలి.
కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. ఇసకనుకున్నారు.

అలలు మోకాళ్ళ దాకా వచ్చాయి.
ఎవడూ వదల్లేదు.
అప్పుడు తాడు తెగింది.

యాభై అయిదు మందిమీ వెల్లకిలా,
ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.
గెలుపు మాదని మేం, కాదు మాదని వాళ్ళు,
తెగిన చోటు ఎవరి వైపుందో జానలు పెట్టి కొలిచారు.
కొట్టుకున్నారు. కామేశం పన్ను ఊడింది.
ప్రిన్సిపాల్ దొర అందరికీ తలా అర్ధరూపాయి వేశాడు.

ఎల్లయ్య రెండు ముక్కలూ ఏరుకున్నాడు.
కొసన ముడి మిగిలే ఉంది, తుప్పు అంటుకుని.
దాన్ని వేళ్ళతో తడిమి
నా వైపు చూశాడు.
"తాడు కాదు బావూ తెగింది, నా వారం" అని
నడిచి పోయాడు.
మర్నాడు వల లాగడానికి సాయం వెళ్ళాం,
అందరం కాదు, ఏడుగురం.
అందులో పేర్రాజు ఉన్నాడు. అది మావాళ్ళకి చెప్పలేదు నేను.

గొడుగుల సంగతి తేలనే లేదు.
కొందరు మడిచారు, కొందరు మడవలేదు.

ఓడరేవు తవ్వుతున్న రోజుల్లో
కోర్టు మెట్ల దగ్గర కనిపించాడు పేర్రాజు,
జుట్టు తెల్లబడి, వకాల్తాలు చంకలో పెట్టుకుని.
వాన మొదలైంది.
"ఒరే, ఇన్నాళ్ళూ అడుగుదామనుకున్నాను,
ఆ రోజు ఏం తిని లాగార్రా మీరు?"

నోరు తెరిచాను.
చెప్పలేదు.
నా గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాను.

ఆయన తన గొడుగు కిందికి నన్ను లాక్కుని అన్నాడు:
"మతి పోయిందిరా నీకు. జలుబు చేస్తుంది."